రబీ జొన్నకు ఎకరాకు ఎంత విత్తనం పెట్టాలి?

ఆదోని, కోయిలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగళ్లలో రబీ జొన్న పండేది భూమి దాచుకున్న పదును, అంటే తేమ మీదే. కిలోల లెక్క తర్వాత. ఆ పదును ఎన్ని మొక్కలను గింజ గట్టిపడేదాకా సాకుతుందో ముందు తేల్చుకోవాలి.

వర్షాధారానికి ఎకరాకు 60,000 మొక్కలు చాలు. సాళ్ల మధ్య 45 సెం.మీ., మొక్కల మధ్య 15 సెం.మీ. ఉంటే ఆ లెక్క వస్తుంది. మీ గొర్రు (విత్తనం వేసే పనిముట్టు) కాళ్ల మధ్య దూరం టేపుతో కొలవండి. 30 సెం.మీ. ఉంటే మొక్కల మధ్య 22 వదలాలి.

వెయ్యి గింజలు లెక్కపెట్టి డిజిటల్ కాటాలో తూయండి. 30 గ్రాములు వచ్చిందనుకుందాం. ఇంకో వంద గింజలు తడి గోనెపట్టాలో చుట్టి, ఆరనివ్వకుండా ఉంచి, ఐదో రోజు విప్పండి. 80 మొలిస్తే మొలక 80 శాతం. మొలకెత్తేవాటిలోనూ పెళ్లల కింద చిక్కేవి, చీమలూ పిట్టలూ తినేవి, లేత మొక్క మొవ్వును తొలిచే మొవ్వు ఈగకు పోయేవి కలిపి 30 శాతం తీసేయండి. 60,000ను 0.8తో, మళ్లీ 0.7తో భాగిస్తే సుమారు 1,07,000 గింజలు, అంటే 3.2 కిలోలు. వెయ్యి గింజలు 25 గ్రాములే తూగితే 2.7 కిలోలు సరిపోతాయి.

లెక్క చెడేది జడ్డిగం (గొర్రుపై విత్తనం పోసే గిన్నె) దగ్గర. 45 సెం.మీ. మూడు కాళ్ల గొర్రు 100 మీటర్లు నడిస్తే 107 గ్రాములు పడాలి. అంతే తూచి విత్తేవారి ఒడిలో పోసి చూడండి. 70 మీటర్లకే అయిపోతే చెయ్యి వదులుగా ఉన్నట్టు. సాలు మట్టి వేలితో తీస్తే మీటరుకు దాదాపు 12 గింజలు, 5 సెం.మీ. లోతున, తడిమట్టిలో కనబడాలి.

మొలిచాక పన్నెండో రోజుకు ఒకసారి, ఇరవయ్యో రోజుకు మరోసారి పలచన చేసి మీటరుకు 6–7 మొక్కలు ఉంచండి. మొవ్వు లాగితే ఇట్టే ఊడివచ్చి, దాని మొదలు కుళ్లు వాసన కొట్టేవాటిని ముందు పీకండి. పచ్చని మొక్కను పీకడానికి మనసొప్పదు, నిజమే. వదిలేస్తే గింజ పాలు పోసుకునే వేళకే పదును అయిపోతుంది. కంకి చిక్కిపోతుంది, దంట్లు మొదలు దగ్గర ఒరుగుతాయి. చీల్చి చూస్తే లోపలి పీచుకు మసికుళ్లు తెగులు తాలూకు మసిలాంటి నల్లచుక్కలు అంటుకుని ఉంటాయి.

విత్తడం అక్టోబరు చివరికి జారితే మొవ్వు ఈగ ఉధృతి ఎక్కువ. అప్పుడు విత్తనం 4 కిలోలకు పెంచండి, పలచన మాత్రం మానొద్దు. సన్న దంటు చొప్పను పశువులు మిగల్చకుండా తింటాయి కాబట్టి ఒత్తుగా వేసేవారూ ఉన్నారు. మేతకు అది మంచిదే, దానికి గట్టు పక్కన వేరే నేల చెక్క కేటాయించుకోండి.