షిఫ్ట్ దిగాక ఎంబీఏ: ఆన్‌లైన్‌లో చదువుతూనే నలుగురిని నడిపించడం నేర్చుకోవాలంటే

పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ ఫార్మాసిటీ లాంటి పారిశ్రామికవాడల్లో ఇది తరచూ జరిగేదే. ఐదారేళ్లు మెషిన్ మీద బాగా చేసిన మనిషిని ఒకరోజు షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని చేస్తారు. నిన్నటిదాకా కలిసి టీ తాగిన వాళ్లకే ఇవాళ పని పురమాయించాలి. వాళ్లలో తనకంటే పదేళ్లు పెద్దవాళ్లూ ఉంటారు. మెషిన్ పని వచ్చు గానీ, మనుషులతో పని చేయించడం ఎవరూ నేర్పలేదు. ఆ లోటు తీర్చుకుందామని చాలామంది ఆన్‌లైన్ ఎంబీఏలో చేరతారు.

దారి మంచిదే. అయితే వీడియోలు చూసి, అసైన్‌మెంట్లు పెట్టి, పరీక్ష రాసి ఊరుకుంటే చేతికొచ్చేది పట్టా ఒక్కటే. ప్రతి సెమిస్టర్‌లో కనీసం ఒక్క సబ్జెక్టునైనా మీ సెక్షన్‌లోకి తీసుకెళ్లి, మీ మనుషులతో కలిసి చేసి చూడాలి. నాయకత్వం అలవడేది అక్కడే. ఇక్కడి ఉదాహరణలన్నీ ట్యాబ్లెట్ ప్యాకింగ్ లైన్‌వి. బ్యాంకులో, గోడౌన్‌లో, ఆసుపత్రి ఆఫీసులో ఉన్నవాళ్లు తమ పనికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

చేరేముందు చూసుకోవాల్సినవి

యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో (డెబ్) వెబ్‌సైట్లో గుర్తింపు ఉన్న యూనివర్సిటీల జాబితా ఉంటుంది. అందులో యూనివర్సిటీ పేరు కనిపిస్తే సరిపోదు. మీరు చేరబోయే ఎంబీఏ పేరు, ఆన్‌లైన్ విధానం, ఆ జనవరి లేదా జులై సెషన్, మూడూ ఉన్నాయో లేదో చూడండి. గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ కాలేజీకెళ్లి చదివిన డిగ్రీతో సమానమని యూజీసీ 2020 నిబంధనలు చెబుతున్నాయి. 2024 నుంచి చేరే ప్రతి విద్యార్థికీ డెబ్ ఐడీ తప్పనిసరి. దానికి ముందు డిజీలాకర్ ద్వారా అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (చదువులో వచ్చిన క్రెడిట్లు నమోదయ్యే ఖాతా) ఐడీ తీసుకోవాలి. టెన్త్ మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా లేకపోతే పని ఇక్కడే ఆగిపోవచ్చు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే కాబట్టి, చివరి తేదీకి నెల ముందే సరిచేయించుకోండి.

ఫీజు నేరుగా యూనివర్సిటీ ఖాతాకే కట్టండి. ఆన్‌లైన్ డిగ్రీలను ఫ్రాంచైజీకి ఇవ్వడాన్ని యూజీసీ ఒప్పుకోదు. "మా దగ్గర కట్టండి, పాస్ గ్యారెంటీ" అనే సెంటర్ ఎదురైతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఎగ్జిక్యూటివ్ సర్టిఫికెట్ ప్రోగ్రామ్ వేరు, ఎంబీఏ డిగ్రీ వేరు. బ్రోషర్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి గనక, చివర్లో ఇచ్చేది ఏమిటో రాతపూర్వకంగా అడగండి. లోన్ తీసుకుంటే, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు వడ్డీ మీద 8 ఏళ్ల దాకా పన్ను మినహాయింపు ఉంది. అప్పు మాత్రం బ్యాంకుదో, గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థదో అయ్యుండాలి.

గంటల లెక్క

యూజీసీ లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. సెమిస్టర్‌కి 4 క్రెడిట్ల సబ్జెక్టులు ఐదు ఉంటే 20 క్రెడిట్లు, అంటే 600 గంటలు. 24 వారాలకు పంచితే వారానికి 25 గంటలు. ఉద్యోగం చేసేవాళ్లకు అంత సమయం దొరకదు. మంచి సూపర్‌వైజర్ నిలకడగా ఇవ్వగలిగేది వారానికి 12 నుంచి 14 గంటలు. అందుకే ఐదు సబ్జెక్టులూ ఒకే లోతులో చదవాలని చూడకండి. మీ పనికి నేరుగా తగిలే ఒక సబ్జెక్టుకు సగం సమయం ఇచ్చి, మిగతావి పాస్‌కి, అవగాహనకి సరిపోయేంత చదవండి. అదీ కుదరకపోతే ఎక్కువ వ్యవధి తీసుకోండి. రెండేళ్ల ఎంబీఏని నాలుగేళ్ల దాకా పూర్తిచేసుకునే వీలు చాలా యూనివర్సిటీల్లో ఉంది.

షిఫ్టులు మారేవాళ్లు టైంటేబుల్‌ని వారానికి కాకుండా మూడు వారాలకు వేసుకోవాలి. ఉదయం షిఫ్ట్ వారంలో సాయంత్రం రోజుకు రెండు గంటలు, రెండో షిఫ్ట్ వారంలో పొద్దున రెండు గంటలు. నైట్ షిఫ్ట్ వారంలో కొత్త పాఠం ముట్టుకోకండి, నోట్స్ తిరగేస్తే చాలు. నిద్ర తగ్గించుకుని చదివిన అకౌంటింగ్ బుర్రకెక్కదు, పైగా ఆ మర్నాడు లైన్ మీద తప్పులు జరుగుతాయి. పరీక్ష తేదీలు రాగానే సెలవు పెట్టేయండి. మాఘంలో, వైశాఖంలో పెళ్లిళ్లు ఎలాగూ ఉంటాయి. ఏవి వదులుకుంటారో ఇంట్లో ముందే చెప్పి ఒప్పించుకోండి.

పెద్దవాళ్లకు తప్పు చెప్పడం

ఆర్గనైజేషనల్ బిహేవియర్ సబ్జెక్టులో హెర్సీ, బ్లాంచర్డ్ సూత్రం వస్తుంది. పని చేయించడానికి నాలుగు తీరులు: విడమరిచి చెప్పడం, ఒప్పించి చేయించడం, కలిసి నిర్ణయించడం, పూర్తిగా అప్పగించడం. పరీక్షకి దీన్ని నాలుగు గళ్ల బొమ్మగా గుర్తుపెట్టుకుంటారు. లైన్ మీద వాడేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు, ఒక్కో మనిషికి ఒక్కో తీరు ఖాయం చేసేయడం. తీరును నిర్ణయించాల్సింది మనిషిని బట్టి కాదు, ఆ మనిషికి ఆ పని ఎంతవరకు వచ్చో దాన్ని బట్టి. పదిహేనేళ్ల ఆపరేటర్‌కి ట్యాబ్లెట్లను రేకుల్లో ప్యాక్ చేసే పాత బ్లిస్టర్ మెషిన్ పూర్తిగా అప్పగించవచ్చు. అదే మనిషి కొత్తగా వచ్చిన మెషిన్ స్క్రీన్ ముందు కొత్తవాడే, విడమరిచి చెప్పాలి. మీ టీమ్‌లో ఎనిమిది మంది ఉంటే ఎనిమిది పేర్లు నిలువుగా, ముఖ్యమైన ఐదు పనులు అడ్డంగా రాసి, ప్రతి గడిలో ఏ తీరు సరిపోతుందో వేసుకోండి. అరగంట పని. మీరు అనవసరంగా ఎవరి నెత్తిన కూర్చుంటున్నారో, ఎవరిని గాలికొదిలేశారో అందులో తేలిపోతుంది.

తప్పు ఎత్తిచూపడం దీనికంటే కష్టం. సందర్భం, జరిగిన పని, దాని ఫలితం, ఈ వరసలో చెప్పి ఆగిపోవాలి. "మీరెప్పుడూ ఇంతే" అన్నామంటే వినే చెవి మూసుకుపోతుంది. లైన్ క్లియరెన్స్ అంటే పాత బ్యాచ్ సరుకేదీ లైన్ మీద మిగల్లేదని సరిచూసి సంతకం పెట్టడం, క్యూఏ అంటే నాణ్యత చూసే విభాగం. ఒక తప్పు గురించి ఇలా చెప్పి చూడండి:

"అన్నా, నిన్న సెకండ్ షిఫ్ట్‌లో లైన్ క్లియరెన్స్ షీట్ మీద సంతకం పడకముందే కొత్త బ్యాచ్ కార్టన్లు లోపలికొచ్చాయి. క్యూఏ వాళ్లు నలభై నిమిషాలు లైన్ ఆపారు. ఏమైందన్నా?"

ఆ చివరి ప్రశ్న అడిగాక మీరు మాట్లాడకూడదు. పది సెకన్ల మౌనం భరించలేక సూపర్‌వైజర్ తనే కారణం కూడా చెప్పేస్తాడు, అక్కడ అసలు సంగతి జారిపోతుంది. స్టోర్స్ నుంచి ట్రాలీ ముందే వచ్చిందేమో, పెట్టడానికి వేరే చోటు లేదేమో. ఇది నలుగురి ముందు చేయొద్దు. షిఫ్ట్ దిగే వేళ కూడా వద్దు, బస్సు తొందరలో ఎవరికీ చెవికెక్కదు.

ఒక సెమిస్టర్, ఒక ప్రయోగం

ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్‌లో జపాన్ ఇంజినీర్ షిగియో షింగో పద్ధతి చదువుతారు. మెషిన్ ఆగినప్పుడు మాత్రమే చేయగల పనుల్నీ, మెషిన్ నడుస్తుండగానే చేసిపెట్టుకోగల పనుల్నీ విడదీసి, ఒక రకం నుంచి ఇంకో రకానికి మారే సమయం తగ్గించడం. బ్యాచ్ మార్పిడికి ఇది సరిగ్గా సరిపోతుంది.

ముందు కొలవండి. పాత బ్యాచ్ చివరి బ్లిస్టర్ నుంచి కొత్త బ్యాచ్ మొదటి మంచి ప్యాక్ దాకా పట్టిన సమయాన్ని వరసగా 10 మార్పిడులకు రాయండి. ఒక్కసారి కొలిచి మొదలుపెడితే, ఆ రోజు కరెంటు పోయిందా, మనిషి తక్కువా అన్నది తెలియదు, తర్వాత పోల్చడానికీ పనికిరాదు. ఆ తర్వాత ఆపరేటర్లతో కూర్చుని పనులన్నీ చీటీల మీద రాసి రెండు కుప్పలు చేయండి. బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ కొట్టే స్టీరియోలు (అచ్చులు) సరిచూసుకోవడం, టూల్స్ తెచ్చుకోవడం, ఫారాలు నింపడానికి సిద్ధం చేయడం ముందే అయిపోవచ్చు. కానీ కొత్త బ్యాచ్ సరుకు మాత్రం క్లియరెన్స్ అయ్యేదాకా లైన్ మీదకు రాకూడదు. అక్కడ నిమిషాలు మిగుల్చుకోబోతే రెండు మందులు కలిసిపోయే ప్రమాదం ఉంది. ఎస్ఓపీలో (పని చేయాల్సిన తీరు రాసిపెట్టిన పత్రం) వరస మార్చాల్సి వస్తే, చేంజ్ కంట్రోల్ (మార్పుకు రాతపూర్వకంగా అనుమతి తీసుకునే పద్ధతి) ద్వారా క్యూఏ ఆమోదం రావాలి. ఆ ఆమోదం కోసం కాగితాలు తయారుచేసి, నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పి ఒప్పించడమే ఈ ప్రయోగంలో మీరు నేర్చుకునే నాయకత్వంలో పెద్ద భాగం. ఆమోదం వచ్చాక మళ్లీ 10 మార్పిడులు కొలవండి. తేడా రాకపోయినా నష్టం లేదు, ఎందుకు రాలేదో ఆపరేటర్లే చెబుతారు.

గ్రూప్ అసైన్‌మెంట్ మీద విసుక్కోకండి. ఐదుగురు ముఖం తెలియనివాళ్లు, ఎవరి మీదా ఎవరికీ అధికారం లేదు. అధికారం లేకుండా పని చేయించడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. వాట్సాప్ గ్రూప్ పెట్టి వదిలేస్తే చివరి రాత్రి ఒక్కరే మొత్తం రాస్తారు. మొదటి మూడు రోజుల్లో అరగంట కాల్ పెట్టి, ఎవరు ఏ భాగం, ఏ తేదీకి, అన్నీ కలిపి ఒకే ఫైల్ చేసేది ఎవరు, ఈ మూడూ తేల్చండి. గ్రూప్ గడువు అసలు గడువుకు మూడు రోజుల ముందుండాలి. ఎవరైనా మాట ఇచ్చి చేయకపోతే గ్రూప్‌లో కాకుండా ఫోన్ చేసి అడగండి.

తెలుగు మీడియంలో చదివి లైవ్ క్లాసులో ఇంగ్లిష్‌లో నోరు విప్పడానికి జంకేవాళ్లు ఒక ప్రశ్న ముందే కాగితం మీద రాసుకుని, మొదటి పదిహేను నిమిషాల్లోనే అడిగేయండి. ఆలస్యమయ్యేకొద్దీ జంకు పెరుగుతుంది.

ప్రాజెక్టు, ఆ తర్వాత అడగాల్సింది

చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి బయట అమ్మే రెడీమేడ్ రిపోర్టు కొనకండి. వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు, అంతకుమించి మీ చేతిలో ఉన్న ఏకైక సొంత పరిశోధన పోతుంది. మీ సెక్షన్‌లో చేసిన ప్రయోగాల్లో ఒకదాన్నే విస్తరించండి. కంపెనీ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ప్రొడక్ట్ పేర్లు, కస్టమర్ పేర్లు తీసేసి ఏ, బీ అని పెట్టండి. అసలు ఉత్పత్తి అంకెలకు బదులు శాతాలు వాడండి.

పట్టా చేతికొచ్చేదాకా ఆగి ప్రమోషన్ అడగడం చాలామంది చేసే పొరపాటు. మూడో సెమిస్టర్‌లోనే, మేనేజర్ సెలవు మీద వెళ్లే వారం ఉదయం ప్రొడక్షన్ మీటింగ్ నడిపే బాధ్యత అడగండి. వెళ్లేటప్పుడు ఒక పేజీ కాగితం చేతిలో పెట్టుకోండి: ముందు 10 మార్పిడుల సగటు, తర్వాత 10 మార్పిడుల సగటు, క్యూఏ ఆమోదం తేదీ, అందులో పనిచేసిన ఆపరేటర్ల పేర్లు. ఆ పేర్లు మీ పేరుకంటే పైన ఉండాలి.