వీసా చేతికొచ్చింది, విమానం ఎక్కనివ్వలేదు: ఎక్కడ వెతకాలి

ప్రయాణం పది రోజుల్లో పెట్టుకుని “స్టేటస్ కదలడం లేదు, ఎవరిని పట్టుకోవాలి?” అని అడిగేవాళ్లు నాకు నెలకు ఒకరైనా తగులుతారు. ఎవరినీ పట్టుకోనక్కర్లేదు. పాస్‌పోర్టునూ నింపిన దరఖాస్తునూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవండి. ఈ మాట చెబితే “అది సరిగ్గానే ఉందండీ” అంటారు, తెరిచి మాత్రం చూడరు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

సమస్య: స్టేటస్ ఒకేచోట ఆగిపోయింది

చాలాసార్లు దరఖాస్తు వీసా ఆఫీసువాళ్లకు అసలు చేరనే లేదు. ఫీజు ఖాతాలోంచి పోయింది గానీ రసీదు నంబరు రాలేదు. లేదా ఇంకో కాగితం అడుగుతూ వాళ్లు పంపిన మెయిల్ స్పామ్‌లో నిద్రపోతోంది. ముందు ఈ రెండూ చూడండి. వేలిముద్రలు ఇవ్వాల్సి ఉంటే ఇచ్చారా?

ఇవన్నీ సరిగ్గా ఉంటే లెక్క ఎక్కడ మొదలైందో చూసుకోండి. షెంగెన్ వీసాకు (ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 వరకూ తీసుకుంటారు. అది మీరు అపాయింట్‌మెంట్ బుక్ చేసిన రోజు నుంచి కాదు, దరఖాస్తు స్వీకరించిన రోజు నుంచి. ప్రయాణానికి 6 నెలల ముందే దరఖాస్తు ఇచ్చే వీలున్నా ఆఖరి నెలదాకా ఆగేవాళ్లను చూస్తే ఏమనాలో తెలియదు.

సమస్య: గడువున్న పాస్‌పోర్టే, అయినా కాదన్నారు

చాలా దేశాలకు 6 నెలల గడువు మిగిలి ఉండాలి. షెంగెన్‌కు వేరే లెక్క: అక్కడి నుంచి బయలుదేరే తేదీ తర్వాత 3 నెలలు మిగలాలి, పైగా పాస్‌పోర్టు ఇచ్చి 10 ఏళ్లు దాటకూడదు. గడువు తేదీ ఒక్కటే చూసేవాళ్లు ఈ రెండో దాంట్లో దొరికిపోతారు. పాస్‌పోర్టు కొత్తది తీసుకోవడం తప్ప దీనికి మందు లేదు.

సమస్య: ఈ-వీసా ఆమోదం వచ్చింది, కౌంటర్లో మాత్రం “లేదు” అంటున్నారు

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మా అక్క దరఖాస్తు నింపింది నేనే. మూడో రోజుకే ఆమోదం మెయిల్ వచ్చింది. పేరు, ఫొటో, తేదీలు అన్నీ సరే. ప్రింటు తీసి కవర్లో పెట్టిచ్చాను. ప్రయాణం రోజు కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టును మెషీన్ మీద పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. “ఈ పాస్‌పోర్టు మీద వీసా ఏమీ లేదండీ” అంది. ప్రింటు చూపిస్తే చూసింది పాపం, కానీ తెర మీద లేనిదానికి ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? అరగంట తర్వాత తేలింది: నంబరులో సున్నా ఉన్నచోట నేను ‘ఓ’ అక్షరం కొట్టాను.

ఈ-వీసాకు ప్రాణం ఆ కాగితంలో లేదు, పాస్‌పోర్టు నంబరుకు ముడిపెట్టిన రికార్డులో ఉంది. ఒక్క అక్షరం మారితే అది మీది కాని పాస్‌పోర్టుకు ఇచ్చిన వీసా. ఆమోదం వచ్చినంత మాత్రాన నంబరు సరైనదని కాదు.

విరుగుడు ఫొటో పేజీ అడుగున ఉన్న రెండు వరసల్లోనే ఉంది. రెండో వరసలో మొదటి తొమ్మిది స్థానాలు పాస్‌పోర్టు నంబరువి, పదోది తనిఖీ అంకె. దాన్ని కూడా నంబరులో కలిపి కొట్టేవాళ్లున్నారు, అదింకో తలనొప్పి. సున్నానా, ‘ఓ’నా అన్న అనుమానం తీర్చేది ఆ అంకే. అంకెలకు వాటి విలువే వేసుకోండి, అక్షరాలకు ‘ఏ’ 10, ‘బీ’ 11, అలా పోతే ‘ఓ’ 24. ఎడమ నుంచి వరసగా 7, 3, 1, మళ్లీ 7, 3, 1తో గుణించి కూడండి. మొత్తంలో చివరి అంకె ఆ తనిఖీ అంకెతో కలవాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ చూపించే నమూనా పాస్‌పోర్టులో నంబరు ఎల్898902సీ3, తనిఖీ అంకె 6. కూడితే 316, సరిపోయింది. అందులో సున్నాను ‘ఓ’ చేసి చూడండి, 340 వస్తుంది. దొంగ దొరికాడు. ‘ఐ’కీ 1కీ కూడా ఈ లెక్క పనిచేస్తుంది.

దరఖాస్తు వెళ్లిపోయాక తెలిస్తే బతిమాలి లాభం లేదు. అమెరికా ఈఎస్‌టీఏ (వీసా అక్కర్లేని దేశాలవాళ్లు ప్రయాణానికి ముందు ఆన్‌లైన్లో తీసుకునే అనుమతి) లాంటి వాటిలో నంబరు తప్పితే మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు. మా అక్క నాలుగు రోజులు ఆలస్యంగా వెళ్లింది. ఇప్పటికీ దెప్పుతుంది.

పేరుకూ అడుగు వరసే ప్రమాణం. మొదటి వరసలో ఇంటిపేరు, తర్వాత రెండు బాణపు ములుకులు (<<), ఆ తర్వాత అసలు పేరు. ఆ విభజననే ఫారంలోనూ టికెట్‌లోనూ దించండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టయితే సొంత తెలివితో పేరు విరగ్గొట్టకండి, ఒకే పేరున్నవాళ్లు ఏం రాయాలో ఆ ఫారం సూచనల్లోనే వెతకండి.

ఫొటో తిప్పి పంపితే కొలత చూడండి: షెంగెన్‌కు 35×45 మిల్లీమీటర్లు, అమెరికా వీసాకు 2×2 అంగుళాలు. ఒకదానికి తీయించింది రెండోదానికి కత్తిరించి పంపితే కుదరదు.

మీ పేరే ఉన్న ఇంకెవరి వల్లో ఫైలు ఆగడం, వ్యవస్థ మొత్తం స్తంభించడం లాంటివి ఉంటాయి గానీ చాలా అరుదు. పైవన్నీ చూశాక వాటి సంగతి.