హోమ్‌స్కూల్‌లో భౌతిక, రసాయన శాస్త్రాలు: క్రైస్తవ కుటుంబాలు ఎలా మొదలుపెట్టాలి?

8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు ఈ రెండూ నేర్పడానికి ల్యాబ్ అక్కర్లేదు. 1 గ్రాము తేడా చూపే కిచెన్ స్కేలు, టేపు, స్టాప్‌వాచ్, కొలపాత్ర, సేఫ్టీ కళ్లద్దాలు, ఒక నోటుబుక్కు ఉంటే చాలు. వారానికి రెండు పాఠాలు, ఒక్కోటి 40 నిమిషాలు. ముందు భౌతిక శాస్త్రం మొదలుపెట్టండి. కొలవడం చేతికి అలవాటైతే రసాయన శాస్త్రం సగం వచ్చినట్టే.

1. నోటుబుక్కు

ప్రతి ప్రయోగానికీ నాలుగు భాగాలు: ప్రశ్న, ముందుగా ఊహించింది, కొలతలు, తేలింది. పెన్నుతోనే రాయించండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి. రబ్బరు చేతిలో ఉంటే అంకెల్ని జవాబుకు తగ్గట్టు సవరించాలనిపిస్తుంది. దొంగ త్రాసు గురించి బైబిల్లో సామెతలు 11:1 చెప్పే మాటను మొదటి పాఠంలోనే చదివించండి, అది సూటిగా తగులుతుంది. అంతమాత్రాన ప్రతి ప్రయోగానికీ ఒక వచనం అతికించకండి. ఉప్పు కరగడం చూపిస్తూ "లోకమునకు ఉప్పు" గురించి మాట్లాడితే కరగడమూ బుర్రకెక్కదు, వాక్యమూ ఎక్కదు.

2. లోలకం

దీనికి రెండు మూడు పాఠాలు కేటాయించండి. సాగని సన్నదారానికి ఇనుప నట్టు కట్టి, పై కొసను రెండు చెక్క స్కేళ్ల మధ్య బిగించి బల్ల అంచున వేలాడదీయండి. బిగించిన చోటు నుంచి నట్టు మధ్యభాగం వరకు 25 సెం.మీ. ఉండాలి. నట్టును 5 సెం.మీ. మించకుండా పక్కకు లాగి, నెట్టకుండా వదలండి. అటు వెళ్లి మళ్లీ వదిలిన చోటికి వస్తే ఒక డోలనం. అలాంటివి 10 పూర్తవడానికి సుమారు 10 సెకన్లు పడుతుంది.

ఇప్పుడు అడగండి: 20 సెకన్లు పట్టాలంటే దారం ఎంత ఉండాలి? చాలామంది 50 సెం.మీ. అంటారు. కట్టి చూస్తే 14 సెకన్ల చిల్లరే వస్తుంది. 20 సెకన్లకు 100 సెం.మీ. కావాలి. కాలం రెట్టింపు కావాలంటే పొడవు నాలుగింతలు కావాలన్న సంగతి సూత్రం చెప్పకుండానే పట్టుబడుతుంది.

25 సెం.మీ. దారంతో 9 సెకన్లే వచ్చిందంటే, వదలగానే "ఒకటి" అని లెక్కపెట్టారన్నమాట. వదిలేటప్పుడు "సున్నా" అనాలి. బరువు ప్రభావం పరీక్షించేటప్పుడు రెండో నట్టును మొదటిదాని కింద కట్టకండి. గరిమనాభి (బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) కిందికి జారి లోలకం పొడవు పెరుగుతుంది, బరువైనది నెమ్మదిగా ఊగుతుందని పిల్లలు పొరబడతారు. రెండూ ఒకే ముడిలో పక్కపక్కనే ఉండాలి. మరీ ఎత్తు నుంచి వదిలినా లెక్క చెడుతుంది: 60 డిగ్రీల నుంచి వదిలితే కాలం దాదాపు 7 శాతం పెరుగుతుంది.

3. కొవ్వొత్తి

రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు కొవ్వొత్తి మీదే ఉపన్యాసాలిచ్చిన శాస్త్రవేత్త మైకేల్ ఫారడే తన క్రైస్తవ సంఘంలో సంఘపెద్దగా కూడా సేవ చేశాడు. కొవ్వొత్తి ఆర్పగానే లేచే తెల్లటి ఆవిరికి, వత్తికి 2 సెం.మీ. పైన, అగ్గిపుల్ల చూపిస్తే మంట కిందికి దూకి అంటుకుంటుంది. మండేది మైనపు ఆవిరేనని చూపడానికి ఇది చాలు. గాలి వీచని గదిలో, పెద్దల చేతి మీదుగానే చేయాలి.

నీళ్ల పళ్లెంలో వెలిగే కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించి, నీళ్లు పైకెక్కింది ఆక్సిజన్ ఖర్చయినందుకేనని మాత్రం చెప్పకండి. ముఖ్య కారణం వేడెక్కిన గాలి చల్లబడి కుంచించుకోవడం. మంట ఆరాకే నీళ్లు గబగబా ఎక్కడం గమనించమనండి.

4. సోడా, వెనిగర్

పొడవాటి గ్లాసులో 5 శాతం వెనిగర్ 100 మి.లీ., పక్కన కాగితం మీద 5 గ్రాముల వంటసోడా పెట్టి, అన్నీ కలిపి తూచండి. సోడాను కొద్దికొద్దిగా వేసి, ఖాళీ కాగితం మళ్లీ స్కేలు మీదే పెట్టి, కలిపి 5 నిమిషాలాగండి. బరువు 2 గ్రాముల పైనే తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయింది. నురగ పొంగి ఒలికితే లెక్క తప్పుతుంది, పొడవాటి గ్లాసు అందుకే.

తర్వాత మూసి చేయండి: 500 మి.లీ. సీసాలో 20 మి.లీ. వెనిగర్, బెలూన్‌లో 1 గ్రాము సోడా. బెలూన్‌ను సీసా మూతికి తొడిగి తూచి, సోడాను లోపలికి ఒంపి మళ్లీ తూస్తే బరువు మారదు. ఇక్కడా ముందటిలాగే 100 మి.లీ. వెనిగర్‌లో 5 గ్రాముల సోడా వేస్తే స్కేలు గ్రాము, ఒకటిన్నర గ్రాము తక్కువ చూపుతుంది. ఎక్కడో కారిందనుకుంటారు. నిజానికి ఉబ్బిన బెలూన్‌ను చుట్టూ ఉన్న గాలి పైకి నెడుతోంది, లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు మరి. సీసాకు మరమూత మాత్రం ఎప్పుడూ బిగించకండి, పగులుతుంది.

5. రంగు మారే నీళ్లు

పావు ఎర్ర క్యాబేజీ తరిగి అరలీటరు వేడి డిస్టిల్డ్ నీళ్లలో 15 నిమిషాలుంచి వడకట్టండి. వెనిగర్‌లో గులాబీ రంగు, వంటసోడా నీళ్లలో నీలం కనిపిస్తాయి. కుళాయి నీళ్లు క్షారగుణంతో ఉంటే మొదటే నీలంగా దిగుతుంది, అందుకే డిస్టిల్డ్ నీళ్లు. దీన్ని యేసు నీళ్లను ద్రాక్షారసంగా మార్చిన కానా పెళ్లి అద్భుతంగా ప్రదర్శించాలన్న ఉబలాటం కొందరికి కలుగుతుంది. వద్దు. అక్కడ జరిగింది కూడా ఇలాంటి గారడీయేనని పిల్లలు తేల్చుకుంటారు.

ఇంట్లోని ద్రవాలు పరీక్షిద్దామని పిల్లలు ఉత్సాహపడతారు. బ్లీచ్, డ్రైన్ క్లీనర్లు బల్ల దగ్గరికే రానివ్వకండి. బ్లీచ్‌లో వెనిగర్ పడితే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. మిగిలిన క్యాబేజీ నీళ్లు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులుంటాయి. సీసా మీద పేరు, తేదీ రాసిపెట్టండి.