ఉద్యోగం మారుతున్న ఇంజినీర్లు రాజీనామా ఎలా చేయాలి?

కొత్త ఉద్యోగం ఖాయమని ఫోనులో చెప్పినంత మాత్రాన రాజీనామా చేయకండి. ఆఫర్ లెటర్ చేతికి రావాలి. జీతం, చేరే తేదీ, పనిచేసే ఊరు అందులో ఉండాలి. నోటిమాట నమ్మి రాజీనామా ఇచ్చాక ఆ ఉద్యోగం రద్దయి, ఇంట్లో చెప్పుకోలేక హాస్టల్లోనే రెండు నెలలు గడిపిన కుర్రవాడిని నేను దగ్గరగా చూశాను.

ఆఫర్ వచ్చాక మీ పాత నియామక పత్రం బయటికి తీయండి. నోటీసు గడువు 30 రోజులా, 60 రోజులా, 90 రోజులా? బాండు ఉందా? డబ్బు కట్టి ముందుగా వెళ్లే వీలుందా? ఇవన్నీ చూసుకున్నాకే కొత్త కంపెనీకి తేదీ చెప్పండి.

అప్పుడే సర్వీసు లెక్క కూడా వేసుకోండి. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు కంపెనీ ఒకేసారి ఇచ్చే డబ్బు, రావాలంటే సాధారణంగా 5 ఏళ్లు నిండాలి. ఏడాదికి 15 రోజుల వేతనం ఇస్తారు, నెలను 26 రోజులుగా లెక్కిస్తారు. మూల వేతనం, కరువు భత్యం కలిపి 52,000 రూపాయలైతే ఐదేళ్లకు 1,50,000 వస్తుంది. నాలుగున్నరేళ్లకే మానేస్తే ఆ డబ్బంతా వదులుకున్నట్లే. కొత్త కంపెనీ ఆగగలిగితే ఆ కొన్ని నెలలు ఆగడమే మేలని నా అభిప్రాయం.

రాజీనామా మూడు వాక్యాల్లో మెయిల్ చేయండి. మనసులోని బాధంతా అందులో పోయకండి. ఆ తర్వాత అప్పగింతలు. సైట్ ఇంజినీరైతే ఎం.బుక్కులు (పని కొలతలు రాసే పుస్తకాలు), డ్రాయింగులు, స్టోరు సామాను ఒక్కొక్కటీ జాబితాగా రాసి, తీసుకున్నవారి సంతకం, తేదీ వేయించుకోండి. ఆరు నెలల తర్వాత ఏదో పుస్తకం కనబడటం లేదని ఫోను వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ కాగితమే.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది పీఎఫ్ విషయంలో. తెలుగువారి ఇంటిపేర్లు ఇక్కడే చిక్కు తెస్తాయి. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది, పీఎఫ్ ఖాతాలో అది పేరు చివరికి వెళ్లింది. మానేశాక సరిచేయించుకోబోతే పాత కంపెనీ వారిని తొమ్మిది నెలలు బతిమాలవలసి వచ్చింది. మీరు అక్కడ ఉండగానే పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు సరిచూసుకుని, తప్పుంటే హెచ్‌ఆర్ ద్వారా జాయింట్ డిక్లరేషన్ (మీరూ కంపెనీ కలిసి ఇచ్చే సవరణ పత్రం) పెట్టించండి.

పీఎఫ్ సభ్యుడిగా మిమ్మల్ని గుర్తించే పన్నెండు అంకెల యూఏఎన్ నంబరు ఒక్కటే ఉండాలి. కొత్తచోట మరొకటి తీసుకోకుండా పాతదే ఇచ్చి, డబ్బు బదిలీ చేయించుకోండి. దయచేసి ఆ డబ్బు బయటికి తీయకండి. మొత్తం సర్వీసు 5 ఏళ్లు నిండకముందే తీస్తే సాధారణంగా పన్ను పడుతుంది, పింఛనుకు కావలసిన 10 ఏళ్ల సర్వీసు లెక్కా తెగిపోవచ్చు. కంపెనీ మీరు మానేసిన తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పీఎఫ్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.

చివరి రోజు సాయంత్రానికే ఆఫీసు మెయిల్ మూసేస్తారు. అందుకే వారం ముందే పే స్లిప్పులు, ఫారం 16లు (జీతంలో కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చే పత్రాలు) మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. కంపెనీ డ్రాయింగులు, కోడ్ మాత్రం ముట్టుకోవద్దు. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం అందుకున్నప్పుడు హోదా, తేదీలు అక్కడే నిలబడి చదవండి. తప్పుంటే గేటు దాటకముందే మార్పించుకోండి.