ఒక్క బేస్ గిటార్‌తో అన్ని పాటలూ వాయించాలంటే: పికప్‌లు, నాబ్‌లు చూసి ఎంచుకోవడం

గోదావరి జిల్లాల్లో బేస్ వాయించేవాళ్లకి ఒకే గిటార్ మీద పది రకాల పని పడుతుంది. ఆదివారం పొద్దున చర్చిలో నెమ్మది పాటలు, ఆ రాత్రే పెళ్లి ఆర్కెస్ట్రాలో పాత మెలోడీలు, వాటి వెనకే మాస్ బీటు, సంక్రాంతి నాళ్లలో తీర్థాలకి ఆరుబయట స్టేజీ. రెండు మూడు గిటార్లు మోసుకెళ్లే వీలు అందరికీ ఉండదు. కాబట్టి కొనేటప్పుడు రంగు, హెడ్‌స్టాక్ మీద పేరు చూసేముందు ఏ పికప్‌లు (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగాలు) ఎక్కడ బిగించారో, వాటిని కలపడానికి ఏ నాబ్‌లు ఇచ్చారో చూడండి.

మా సలహా ముందే చెప్పేస్తాం. మెడ వైపు పీ పికప్, బ్రిడ్జ్ (ఒంటి మీద తీగలు ఆనే భాగం) వైపు జే పికప్, రెండిటికీ విడివిడి వాల్యూమ్, ఒక టోన్, బ్యాటరీ లేని పాసివ్ సర్క్యూట్. దీన్నే షాపుల్లో పీజే అంటారు. ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి.

పికప్‌లలో తేడా

ఫెండర్ కంపెనీ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో మొదట ఒకటే కాయిల్ (రాగి తీగ చుట్ట) ఉండేది. 1957లో దాన్ని రెండు ముక్కలు చేసి, లావు తీగలు రెండిటి కింద ఒకటి, సన్న తీగలు రెండిటి కింద ఒకటి, కాస్త ముందూ వెనకా అమర్చారు. ఒక ముక్కలో రాగి తీగ చుట్టిన దిశ, అయస్కాంతం ధ్రువం రెండూ రెండో ముక్కకి తిరగేసి ఉంటాయి. అందువల్ల బయటి కరెంటు నుంచి వచ్చే గుయ్‌మనే రొద ఒకదాంట్లోది ఇంకోదాన్ని కొట్టేస్తుంది, తీగల శబ్దం మాత్రం నిలుస్తుంది. ఇదే పీ పికప్. దీని సౌండు నిండుగా ఉంటుంది, బ్యాండ్ మొత్తం మోగుతున్నా మునిగిపోదు.

1960లో వచ్చిన జాజ్ బేస్‌లో సన్నటి సింగిల్ కాయిల్స్ రెండు, ఇవే జే పికప్‌లు. బ్రిడ్జ్ పక్కనున్న పికప్ దగ్గర తీగ ఊపు తక్కువ కాబట్టి అడుగు (లావు శబ్దం) తగ్గి, పలుకు తేటగా వస్తుంది. రెండూ సమానంగా పెడితే రొద రద్దవుతుంది, మధ్య స్థాయి కొంచెం పల్చబడుతుంది. ఏ ఒక్కటి తగ్గించినా రొద తిరిగొస్తుంది.

1976లో వచ్చిన మ్యూజిక్‌మ్యాన్ స్టింగ్‌రే తరహాలో ఒకే హంబకర్ (రొద రాని రెండు కాయిల్స్ పికప్), బ్యాటరీతో నడిచే యాక్టివ్ ప్రీయాంప్ ఉంటాయి. స్లాప్‌కి (బొటనవేలితో తీగను కొట్టి వాయించడం), రాక్‌కి దాని గొంతు గట్టిది. కానీ పాత మెలోడీకి దాన్ని మెత్తబరచడం కష్టమే.

మన స్టేజీల మీద పీజేకి ఓటు వేయడానికి కారణం లైటింగు. పందిరి చుట్టూ సీరియల్ సెట్లు, డిమ్మర్లు, ట్యూబ్‌లైట్లు, పక్కనే జెనరేటర్ ఉన్న చోట సింగిల్ కాయిల్ నోరు మూసుకోదు. పీజేలో జే వాల్యూమ్ సున్నా చేస్తే చాలు, రొద ఆగిపోతుంది, సౌండు నిండుదనం పోదు. జాజ్ బేస్‌లో ఆ దారి లేదు. పీజేలో జే పికప్‌కి కూడా రొద వద్దనుకుంటే అదే కొలతలో రొద రాని రకాలు విడిగా దొరుకుతాయి, తర్వాతైనా మార్పించుకోవచ్చు.

నాబ్‌లు ఏం చేస్తాయి

రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్ ఉంటే వాల్యూమ్‌లే మిక్సింగ్ నాబ్‌లు. కొన్నిటిలో ఒక మాస్టర్ వాల్యూమ్, మధ్యలో టక్కుమని ఆగే ఒక బ్లెండ్ నాబ్ ఇస్తారు. పాట మధ్యలో చీకట్లో తిప్పడానికి బ్లెండ్ సుఖం. రెండు పికప్‌ల మధ్య సన్నటి తేడాలు పట్టుకోవడానికి విడి వాల్యూమ్‌లే మేలు.

తేడా ఎక్కువగా వినిపించేది 10 నుంచి 7 మధ్యే. రెండూ 10లో ఉన్నప్పుడు జేని 8కి దించి చూడండి. మధ్య స్థాయి ముందుకొచ్చి, అంతవరకూ డ్రమ్స్ వెనక నక్కిన బేస్ వినబడుతుంది. సౌండ్ మిక్సర్ దగ్గర ఎవరూ లేనప్పుడు మీ చేతిలో ఉన్న మంచి ఉపాయం ఇది.

టోన్ నాబ్ అడుగును పెంచదు, పై శబ్దాన్ని మాత్రమే కోస్తుంది. లోపలుండే కెపాసిటర్ సాధారణంగా 0.047 మైక్రోఫారడ్. సున్నాకి తిప్పితే మరీ మూసుకుపోయినట్టు ఉంటే 0.022 వేయించండి, అప్పుడు నాబ్ చివరి దాకా పనికొస్తుంది. సోల్డరింగ్ ఐరన్ పట్టిన ఏ టీవీ మెకానిక్ అయినా పావుగంటలో చేసే పని.

కొన్ని గిటార్లలో ఒక వాల్యూమ్ సున్నా చేస్తే రెండు పికప్‌లూ ఆగిపోతాయి. అది చెడిపోవడం కాదు, వైరింగ్ అలా చేశారంతే. పాట్ (నాబ్ కింద తిరిగే భాగం) మీద పికప్ వైరు బయటి కాలికి, కేబుల్ గుచ్చే జాక్‌కి వెళ్లే వైరు మధ్య కాలికి ఉంటే అలా జరుగుతుంది. రెండు పాట్‌ల మీదా ఆ రెండు వైర్లనూ తారుమారు చేస్తే విడివిడిగా పనిచేస్తాయి.

యాక్టివ్ గిటార్లలో బాస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు మధ్యలో ఉంటే ఏమీ కలపనట్టు. బాస్ నాబ్ మొత్తం తిప్పేయడం మన దగ్గర అందరికీ ఉన్న అలవాటు. బేస్ బిన్నులకి (అడుగు శబ్దం ఇచ్చే పెద్ద స్పీకర్లు) ఆ భారం మోయలేక శబ్దం ముద్దయిపోతుంది. మిడ్ కాస్త పెంచితే స్వరం వినబడుతుంది.

యాక్టివే నచ్చితే, పాసివ్‌కి మార్చే స్విచ్ ఉన్నదే తీసుకోండి. 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే సౌండు చిరిగినట్టు వచ్చి, తగ్గి, ఆగిపోతుంది. చాలావాటిలో జాక్‌లో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అవగానే కేబుల్ పీకేయండి. బ్యాటరీ మీద 6ఎఫ్22 అని ఉంటే మామూలుది, 6ఎల్ఆర్61 అని ఉంటే ఆల్కలైన్. రెండోదే కొనండి.

తీగలు ఎన్ని? నాలుగు తీగల బేస్‌లో అడుగు స్వరం 41 హెర్ట్జ్, అయిదో తీగ బీ 31 హెర్ట్జ్. సింగర్‌ని బట్టి స్కేల్ తరచూ మారే బృందాల్లో డీ, సీ స్కేల్ పాటలకి అయిదో తీగ బాగా అక్కరకొస్తుంది. అయితే చవక గిటార్లలో అది వదులుగా కొట్టుకుంటుంది. అలా ఉంటే నాలుగు తీగలదే నయం.

షాపులో చూడాల్సినవి

రాజమండ్రిలోనో కాకినాడలోనో కొన్నా, ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర సెకండ్‌హ్యాండ్ తీసుకున్నా, యాంప్ మీద నాబ్‌లన్నీ మధ్యలో పెట్టించి వినండి. గిటార్ నాబ్‌లన్నీ 10కి తిప్పండి. ఒక్కో నాబ్‌నూ నెమ్మదిగా చివరి దాకా తిప్పితే కరకరమంటే పాట్‌లో తుప్పో దుమ్మో చేరినట్టు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై ముప్పై సార్లు తిప్పితే చాలావరకు పోతుంది. పోకపోతే పాట్ మార్చాలి, పీ, జే పికప్‌లకి 250 కిలో ఓమ్‌ల విలువది.

ఇనుప తాళంచెవితో పికప్ మీద ఒక్కో చోట మెల్లగా తట్టండి. ప్రతిచోటా టక్‌మని సమానంగా రావాలి. సెకండ్‌హ్యాండ్ పాసివ్ అయితే మల్టీమీటర్ కూడా పట్టుకెళ్లండి. కేబుల్ గుచ్చి, ఒక వాల్యూమ్ సున్నాలో, ఇంకోటి 10లో పెట్టి కేబుల్ రెండో కొన మీద చూస్తే పీకి 10 వేల ఓమ్‌లు, జేకి 7 వేల ఓమ్‌ల దరిదాపుల్లో వస్తుంది. లక్షకు పైన చూపిస్తే కాయిల్ తెగింది. ఒక వాల్యూమ్ ఆపితే అన్నీ ఆగే వైరింగ్‌లో ఈ కొలత కుదరదు.

రొద వస్తుంటే గిటార్ పట్టుకుని నిలబడ్డ చోటే గుండ్రంగా తిరగండి. తిరిగే కొద్దీ మారితే అది పికప్ పట్టే రొద. మారకుండా ఉంటే కేబుల్‌నో, ఎర్తింగ్‌నో అనుమానించాలి. తీగల మీద చెయ్యి వేయగానే రొద తగ్గాలి. పెరిగితే లోపల బ్రిడ్జ్‌కి వెళ్లే ఎర్త్ వైరు ఊడిందో, జాక్ వైర్లు తారుమారయ్యాయో విప్పి చూడాలి.

మెడ చూడటానికి మొదటి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర లావు తీగను నొక్కి, మెడ ఒంటితో కలిసే చోట ఇంకో చేత్తో నొక్కండి. ఏడెనిమిదో ఫ్రెట్ మీద తీగకి కింద 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి, విజిటింగ్ కార్డు పట్టేంత. సందు ఎక్కువైతే ట్రస్‌రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) బిగించాలి, ఒక్కోసారి పావు చుట్టుకు మించకుండా. ట్రస్‌రాడ్ నట్ అసలు తిరగని గిటార్ ఎంత చవకైనా వద్దు. తర్వాత ప్రతి ఫ్రెట్ మీదా వాయించండి. సన్న తీగ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల మధ్య ఒకటి రెండు స్వరాలు తొందరగా చచ్చిపోవడం చాలా గిటార్లలో ఉంటుంది, మరీ ఎక్కువైతేనే వదిలేయండి.

స్ట్రాప్ వేసుకుని ఎడమ చెయ్యి తీసేయండి. మెడ కిందికి వాలిపోతే ప్రోగ్రాం జరిగినంతసేపూ ఆ బరువు మీ ఎడమ చేతి మీదే ఉంటుంది. జాజ్ తరహా మెడ నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) దగ్గర 38 మిల్లీమీటర్లు, ప్రెసిషన్ తరహా సాధారణంగా 41 దాకా. వేళ్లు పొట్టివైతే సన్నదే హాయి.

పాటను బట్టి నాబ్‌లు

కొన్నాక మొదట పికప్ ఎత్తు సరిచేయాలి. చివరి ఫ్రెట్ మీద తీగ నొక్కి, తీగకీ పికప్‌కీ మధ్య లావు తీగ వైపు 3, సన్న తీగ వైపు 2.5 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి స్వరం ఊగిసలాడుతుంది. పీ గొంతు జే కన్నా పెద్దది కాబట్టి, నాబ్‌లు రెండూ 10లో ఉన్నప్పుడు సమానంగా వినబడే దాకా పీని దించి జేని లేపాలి. ఈ పని చేయకపోతే కింద చెప్పే అంకెలేవీ కుదరవు.

పాత మెలోడీకి పీ 10, జే 0, టోన్ 3 లేక 4. వేలి మెత్తని భాగంతో మెడ చివర దగ్గర మీటండి. బ్రిడ్జ్ పక్కన తీగల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చితే స్వరం పొట్టిగా తెగి పాత రికార్డుల్లోలా పలుకుతుంది. మాస్ బీటుకి పీ 10, జే 6, టోన్ 7, పీ పికప్ మీదే గట్టిగా మీటాలి. మధ్యలో బేస్ ఒక్కటే వచ్చే చిన్న బిట్‌కి జే 10, పీ 4. స్లాప్‌కి అన్నీ 10.

ఇవన్నీ పెట్టినా బేస్ మందంగా, మసకగా ఉంటే కీబోర్డు వైపు చూడండి. అందులో స్టైల్ (తాళం, తోడు వాద్యాలు దానంతట అదే వాయించే ఏర్పాటు) నడుస్తుంటే దాని ఆటో బేస్ కూడా మోగుతుంటుంది, రెండు బేస్‌లు ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. స్టైల్‌లో బేస్ ట్రాక్ మ్యూట్ చేయించండి. రిథమ్ ప్యాడ్ కిక్ కూడా మీ స్వరాలున్న చోటే ఉంటుంది, అందుకే వినబడాలంటే అడుగు పెంచడం కన్నా జేని, టోన్‌ని రెండేసి అంకెలు పెంచడం పనిచేస్తుంది.

ఉప్పు గాలి, స్టేజీ కరెంటు

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి తీగలకన్నా ముందు బ్రిడ్జ్ స్క్రూలు బిగుసుకుపోతాయి. వాయించాక పొడి నూలు గుడ్డతో తీగల పైనా కిందా తుడిచి, కవర్లో సిలికా జెల్ పొట్లాలు వేయండి. స్క్రూలకి నెలకోసారి మెషీన్ ఆయిల్ అగ్గిపుల్ల కొనతో అంటించండి. ముసురు పట్టిన రోజుల్లోనూ, ఎండలు ముదిరాకా మెడ సందు మళ్లీ కొలవండి.

స్టేజీ ఎక్కాక మాత్రం ముందు కరెంటు చూసుకోవాలి. తాత్కాలిక లైన్ల మీద, జెనరేటర్ మీద ఎర్తింగ్ లేకపోతే గిటార్ తీగలకీ మైక్ జాలీకీ మధ్య వోల్టేజీ ఉండొచ్చు. పెదవి మైక్‌కి తగిలితే షాకు కొడుతుంది, ప్రాణమే పోవచ్చు. అన్నీ ఆన్ చేశాక మల్టీమీటర్‌ని ఏసీలో పెట్టి, గిటార్ ముట్టుకోకుండా ఒక ప్రోబ్ బ్రిడ్జ్‌కి, ఇంకోటి మైక్ జాలీకి ఆనించండి. కొద్ది వోల్టులకి మించి చూపిస్తే, సరిచేసే దాకా వాయించొద్దు. యాంప్, మిక్సర్ రెండూ మూడు పిన్నుల ప్లగ్గులతో ఒకే బోర్డు నుంచి తీసుకోవాలి. రొద పోవడానికి ఎర్త్ పిన్ను కోసేయడం, రెండు పిన్నుల ప్లగ్గు వేయడం ఎప్పుడూ చేయొద్దు. డీఐ బాక్స్ (గిటార్‌ని మిక్సర్‌కి కలిపే పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, ఆ రొదకి దాన్ని నొక్కండి.