గర్భిణికి షింగిల్స్ వస్తే: బిడ్డకు ప్రమాదమెంత, చేయవలసిందేమిటి

వీపు దగ్గర మొదలై పక్కటెముకల మీదుగా పొట్ట వైపు, శరీరానికి ఒక పక్కన మాత్రమే ఎర్రటి దద్దు పట్టీలా లేచి, దాని మీద నీటి పొక్కులు గుత్తులుగా వచ్చి, పైబట్ట తగిలినా ఓర్చుకోలేనంత మంట పుడితే అది షింగిల్స్ కావచ్చు. సర్పి అని కూడా పిలిచే ఈ జబ్బు గర్భంతో ఉన్నప్పుడు కనబడితే ఎవరికైనా ముందుగా బిడ్డ గురించే భయం కలుగుతుంది. ఆ భయానికి జవాబు మొదటే చెప్పుకోవడం మేలు. ఒక చోటికే పరిమితమైన షింగిల్స్ వల్ల కడుపులోని బిడ్డకు హాని జరుగుతుందనడానికి ఆధారాలు లేవు. నిజంగా జాగ్రత్త పడవలసింది అది షింగిల్సేనా అని తేల్చుకోవడంలోను, మందు ఆలస్యం కాకుండా చూసుకోవడంలోను, పొక్కుల్లోని నీరు ఇతరులకు అంటకుండా కాపాడడంలోను.

ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్, ఒకసారి వచ్చి తగ్గినవారిలో దానికి కారణమైన వేరిసెల్లా జోస్టర్ వైరస్ పూర్తిగా పోదు. వెన్నుపాము పక్కన ఉండే నరాల మొదళ్లలోను, ముఖానికి వెళ్లే నరాల మొదళ్లలోను అది నిద్రాణంగా ఉండిపోతుంది. ఏళ్లు గడిచాక రోగనిరోధక శక్తి కాస్త సడలినప్పుడు వాటిలో ఏదో ఒక నరం వెంబడి చర్మం వరకు దిగి వస్తుంది. అందువల్లనే పొక్కులు ఆ నరం పరిధిలోనే ఉంటాయి, సాధారణంగా శరీరం మధ్యగీతను దాటి రెండో పక్కకు పోవు. బిడ్డకు రక్షణ కూడా ఇందులోనే ఉంది. ఈ వైరస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు పాత ఆటలమ్మ నాటి నుంచే తల్లి రక్తంలో ఉంటాయి, మాయ ద్వారా బిడ్డకూ చేరుతుంటాయి. పైగా ఆటలమ్మలో లాగా షింగిల్స్‌లో వైరస్ రక్తం ద్వారా ఒళ్లంతా వ్యాపించడం అరుదు.

బ్రిటన్, జర్మనీలలో గర్భిణులను గమనిస్తూ వచ్చి 1994లో ఫలితాలు ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం ఈ తేడాను స్పష్టంగా చూపింది. గర్భంతో ఉండగా షింగిల్స్ వచ్చిన 366 మందిలో ఏ ఒక్కరి బిడ్డలోనూ గర్భంలో వైరస్ సోకిన చిహ్నాలు కనిపించలేదు. అదే అధ్యయనంలో ఆటలమ్మ వచ్చిన 1,373 మంది గర్భిణుల బిడ్డల్లో మాత్రం 9 మందికి పుట్టుకతో వచ్చే లోపాలు కనిపించాయి. 13వ వారం నుంచి 20వ వారం మధ్య ఆటలమ్మ వచ్చినవారిలో ఈ ముప్పు సుమారు 2 శాతంగాను, అంతకుముందు వచ్చినవారిలో 0.4 శాతంగాను తేలింది. షింగిల్స్ గురించి వెతుకుతూ ఆటలమ్మ తాలూకు హెచ్చరికలు చదివి నిద్ర పోగొట్టుకునేవారు చాలామంది ఉంటారు కాబట్టి ఈ రెండింటినీ కలపకుండా చూడడం ముఖ్యం.

కనుక ముందు పొక్కులను వెలుతురులో దగ్గరగా చూడాలి. షింగిల్స్‌లో ఎర్రబడిన చర్మం మీద సన్నటి నీటి బుడగలు దగ్గర దగ్గరగా గుంపు కట్టి ఉంటాయి. మొదట వాటిలో నీరు తేటగా ఉంటుంది, కొద్ది రోజుల్లో మసకబారుతుంది, వారం పది రోజులకు పొక్కులు ఎండి పెచ్చు కడతాయి, 2 నుంచి 4 వారాల్లో పెచ్చులు రాలిపోతాయి. ఆటలమ్మలో పొక్కులు ముఖం, ఛాతీ, తల అన్న తేడా లేకుండా రెండు పక్కలా విడివిడిగా చెదిరి ఉంటాయి, ఒకే చోట కొత్త దద్దు, నీటి పొక్కు, ఎండిన పెచ్చు కలిసి కనబడతాయి, జ్వరం కూడా ఉంటుంది. ఆటలమ్మ ఎన్నడూ రాని, దానికి టీకా కూడా వేయించుకోని గర్భిణికి ఒళ్లంతా పొక్కులు వస్తే దాన్ని షింగిల్స్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. ఆటలమ్మ గర్భిణికి న్యుమోనియా తెచ్చిపెట్టగలదు, కాన్పుకు ముందు 5 రోజుల నుంచి కాన్పు తర్వాత 2 రోజుల లోపు వస్తే పుట్టిన బిడ్డకు ప్రాణాపాయం కలిగించగలదు. అది ఆ రోజే వైద్యుడి దృష్టికి వెళ్లవలసిన విషయం.

గర్భిణులకే ప్రత్యేకంగా వచ్చే దద్దుర్లు కూడా కొన్ని ఉన్నాయి. చివరి నెలల్లో పొట్ట మీది చారల్లో మొదలై, బొడ్డును వదిలేసి, రెండు పక్కలా తొడల వరకు పాకే దద్దు ఒకటి. అది విపరీతంగా దురద పెడుతుంది గానీ హానికరం కాదు. బొడ్డు చుట్టూ మొదలై పెద్ద పొక్కులుగా మారే జబ్బు మరొకటి. దానికి వైరస్‌తో సంబంధం లేదు, కానీ బిడ్డ ఎదుగుదల మీద ప్రభావం చూపవచ్చు గనుక దానికి వేరే చికిత్స, వేరే పర్యవేక్షణ కావాలి. ప్రధానంగా దురదే ఉండి, దద్దు రెండు పక్కలా ఉంటే షింగిల్స్ కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

అసలు చిక్కు పొక్కులు రాకముందు ఉంటుంది. దద్దు కనబడడానికి ఒకటి నుంచి ఐదు రోజుల ముందే ఆ భాగంలో మంట, సూదులతో గుచ్చినట్టు నొప్పి, తిమ్మిరి మొదలవుతాయి. అది పక్కటెముకల కింద కుడి వైపున వస్తే, 20వ వారం దాటిన గర్భిణి దాన్ని నరాల నొప్పి అని సొంతంగా తీర్మానించుకోవడం ప్రమాదకరం. గుర్రపువాతంలో, అంటే గర్భంతో ఉన్నప్పుడు రక్తపోటు ప్రమాదకరంగా పెరిగే జబ్బులో, కాలేయం దెబ్బతిన్నప్పుడు కూడా నొప్పి సరిగ్గా అక్కడే వస్తుంది. తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం లేదా చేతుల వాపు తోడైతే వెంటనే, అవేమీ లేకపోయినా ఆ రోజే రక్తపోటు చూపించుకుని, వైద్యుడు అవసరమంటే రక్త, మూత్ర పరీక్షలు చేయించుకోవాలి. తర్వాత పొక్కులు లేచి అది షింగిల్స్ అని తేలినా ఆ పరీక్షలు వృథా కావు.

పొక్కు కనబడిన రోజునే వైద్యుడికి ఫోన్ చేయండి. నేరుగా వెళ్లి నిరీక్షణ గదిలో ఇతర గర్భిణుల మధ్య కూర్చోవడం కంటే ముందే చెప్పి వెళితే, మిమ్మల్ని వేరే గదిలో కూర్చోబెట్టే వీలు వారికి ఉంటుంది. ఎన్నో వారం నడుస్తున్నదో, మొదటి పొక్కు ఏ రోజు ఏ పూట కనబడిందో, ఆటలమ్మ గతంలో వచ్చిందో లేదో, స్టెరాయిడ్ల వంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులేమైనా వాడుతున్నారో చెప్పండి. రోజుకొక ఫోటో తీసి ఉంచుకోవడం మంచిది. చాలాసార్లు వైద్యులు చూడగానే గుర్తుపడతారు. సందేహం ఉంటే పొక్కు అడుగు నుంచి తీసిన నమూనాను పీసీఆర్ పరీక్షకు పంపుతారు. పొక్కులు జననాంగాల దగ్గర ఉంటే ఈ పరీక్ష తప్పక అడగండి, ఎందుకంటే హెర్పిస్ సింప్లెక్స్ అనే వేరే వైరస్ కూడా అలాగే కనబడుతుంది, కాన్పు ఎలా జరగాలన్న నిర్ణయం దాన్ని బట్టి మారవచ్చు.

తొందర దేనికంటే, వైరస్‌ను అణిచే మాత్రలు మొదటి పొక్కు వచ్చిన 72 గంటల లోపు మొదలుపెడితే ఎక్కువ ఫలితం ఇస్తాయి. పెద్దవారికి సాధారణంగా ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకు 5 సార్లు, లేదా వాలసైక్లోవిర్ 1,000 మిల్లీగ్రాములు రోజుకు 3 సార్లు, 7 రోజులు ఇస్తారు. గర్భిణికి ఏది, ఎంత అన్నది వైద్యుడే నిర్ణయించాలి. గర్భం మీద ఈ మందుల ప్రభావం గురించి డెన్మార్క్‌లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి 3 నెలల్లో ఈ తరహా మందులు వాడిన 1,804 మంది బిడ్డల్లో పెద్ద లోపాలు 2.2 శాతం మందిలో ఉండగా, వాడనివారి బిడ్డల్లో 2.4 శాతం మందిలో ఉన్నాయి. అంటే మందు వల్ల లోపాలు పెరగలేదు. ఎసైక్లోవిర్ మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది కాబట్టి ఆ వారమంతా నీళ్లు బాగా తాగాలి. ఇదే మందు పూతగా కూడా దొరుకుతుంది గానీ, షింగిల్స్‌కు అది పనిచేయదు. దాన్ని రాసుకుంటూ 3 రోజులు పోగొట్టుకోవడం తగదు.

నొప్పికి మొదటి ఎంపిక వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి సొంతంగా వేసుకోకూడదు. 20వ వారం తర్వాత అవి బిడ్డ మూత్రపిండాల మీద ప్రభావం చూపి ఉమ్మనీరు తగ్గించవచ్చని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. నరాల నొప్పికి వాడే ఇతర మాత్రలు పాత చీటీ చూసి కొనుక్కోవద్దు. చల్లటి తడిబట్ట రోజుకు కొన్నిసార్లు వేసుకోవడం, కాలమైన్ లోషన్ పూయడం, వదులైన నూలు బట్టలు కట్టుకోవడం చాలావరకు ఉపశమనం ఇస్తాయి. పొక్కులను చిదమకూడదు. అంటుకోని గాజుగుడ్డ కప్పి, అది మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చుట్టూ ఎరుపు పాకుతూ చీము పడితే బ్యాక్టీరియా చేరినట్టు. అప్పుడు యాంటీబయాటిక్ అవసరమవుతుంది.

కొన్ని లక్షణాలు కనబడితే ఫోన్‌తో సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నుదుటి మీద, కనురెప్ప మీద, ముఖ్యంగా ముక్కు కొన మీద పొక్కు వస్తే కంటికి ముప్పు ఉన్నట్టే, ఎందుకంటే ముక్కు కొనకు వెళ్లే నరమే కంటి లోపలికీ వెళుతుంది. ఆ రోజే కంటి వైద్యుడు చూడాలి. చెవిలో పొక్కులతో పాటు ముఖం ఒక పక్క వాలిపోవడం, పొక్కులు మొదటి చోటు విడిచి ఒళ్లంతా పాకడం, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, జ్వరం తగ్గకపోవడం, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించడం కూడా ఇంతే అత్యవసరమైనవి.

షింగిల్స్ ఒకరి నుంచి ఒకరికి షింగిల్స్‌గా రాదు. పొక్కుల నీరు తగిలినవారికి ఇదివరకు ఆటలమ్మ రాకపోతే, టీకా పడకపోతే, వారికి ఆటలమ్మ రావచ్చు. పొక్కులన్నీ పెచ్చు కట్టేవరకు తువ్వాలు, పక్కబట్టలు వేరుగా ఉంచుకుని, ఆటలమ్మ రాని గర్భిణులకు, టీకా పడని పసివాళ్లకు, కీమోథెరపీ వంటి చికిత్సలో ఉన్నవారికి దూరంగా ఉండాలి.

కాన్పు సమయానికి పొక్కులు మానకపోయినా, కేవలం షింగిల్స్ కారణంగా సిజేరియన్ చేయవలసిన పని లేదు. పొక్కులు నడుము దగ్గర ఉంటే వెన్నుకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చే వైద్యుడికి ముందే చూపించాలి. పుట్టిన బిడ్డకు తల్లి యాంటీబాడీల రక్షణ ఉంటుంది, అయితే 28 వారాలు నిండకముందే పుట్టినవారికి అది తగినంత అందదు గనుక వారి విషయంలో వైద్యులు వేరుగా ఆలోచిస్తారు. పాలు ఇవ్వవచ్చు, ఎసైక్లోవిర్ వాడుతున్నా ఆపనక్కరలేదు. పొక్కులు రొమ్ము మీద బిడ్డ నోరు తగిలే చోట ఉంటే, అవి మానేవరకు ఆ పక్క పాలు పిండి పారబోసి రెండో పక్క పట్టాలి.

ఇక షింగిల్స్ మీకు కాక ఇంట్లో మరొకరికి వచ్చి, మీకు ఆటలమ్మ వచ్చిందో లేదో తెలియకపోతే, వారి పొక్కులు మానేదాకా ఎదురుచూడకండి. రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయో లేదో ఒక పరీక్షతో తెలుస్తుంది. లేకపోతే, తగిలిన 10 రోజుల లోపు ఇమ్యూనోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ గానీ, దానికి బదులు ఎసైక్లోవిర్ మాత్రలు గానీ ఇచ్చే పద్ధతి ఉంది. ఆటలమ్మ టీకాలో బతికున్న బలహీన వైరస్ ఉంటుంది కాబట్టి గర్భంతో ఉండగా వేయరు. కాన్పు తర్వాత, పాలిస్తున్నా వేయించుకోవచ్చు, అది వేయించుకున్నాక కనీసం ఒక నెల మళ్లీ గర్భం రాకుండా చూసుకోవాలి.