చెరువు నెర్రెలు, చెట్టు బెరడు: టెక్స్‌చర్ చిత్రాలతో జీవనం సాగించడం ఎలా?

నీళ్లు ఇంకిపోయిన చెరువులో నడిచినవారికి నెర్రెలు కొత్త కాదు. పైపొర ఎండకు ముందే ఆరి కుంచించుకుపోతుంది, కింది మట్టి ఇంకా తడిగానే ఉంటుంది. ఆ రెండింటి లాగులాటలో నేల పగులుతుంది. టెక్స్‌చర్ చిత్రం అంటే చేతికి తగిలే గరుకుతో వేసే బొమ్మ. దానికోసం చెక్క పలక మీద పేస్టును మందంగా పూస్తే జరిగేదీ అచ్చంగా ఇదే. ఈ పనితో బతకాలనుకునే కొత్తవారు ముందుగా ఏ రంగులు కొనాలని అడుగుతారు. నేను మాత్రం ఆ గరుకు ఎలా పుట్టిందో ముందు తెలుసుకోమంటాను. అది తెలిసిన చేతికి బొమ్మ నిలుస్తుంది, కొన్నవాళ్ల గోడ మీద కూడా నిలుస్తుంది.

1. ఒకే గరుకును పట్టుకోండి

సముద్రం, అడవి, కొండ అన్నీ వేయాలనిపిస్తుంది. మొదటి ఆరు నెలలు ఒక్కదానితోనే ఉండండి. అది రోజూ చూడగలిగినంత దగ్గరలో ఉండాలి. హైదరాబాద్‌లో ఉంటే దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండలున్నాయి. ఎండకూ వానకూ ఆ రాయి ఉల్లిపొరల్లా ఊడుతుంది, ఊడిన పొర అంచున సన్నటి నీడ పడుతుంది. విశాఖపట్నం, భీమిలి మధ్య ఉన్నవారికి ఎర్రమట్టి దిబ్బల్లో వాననీరు కోసిన చాళ్లున్నాయి. అవేవీ దగ్గర లేకపోతే చెట్లు చాలు. వేప బెరడు నిలువుగా చీలుతుంది. నల్లమద్ది బెరడు మొసలి వీపులా గళ్లు కడుతుంది. తాటి మాను మీద రాలిపోయిన మట్టల గుర్తులు వరుసలు తీరి ఉంటాయి.

చూడటానికి పొద్దున్నే వెళ్లండి, లేదా సాయంత్రం. మధ్యాహ్నం ఎండ నిలువుగా పడినప్పుడు బండ చదునుగా కనిపిస్తుంది. ఏటవాలు వెలుతురులోనే ఎత్తుపల్లాలు బయటపడతాయి. బెరడు మీద పలుచటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దండి, మెత్తటి బంకమట్టి ముద్దను నొక్కి అచ్చు తీయండి. వంద ఫొటోల కంటే ఈ రెండూ ఎక్కువ నేర్పుతాయి. చెట్టు బెరడును మాత్రం చెక్కి తేవద్దు. ఎర్రమట్టి దిబ్బలను భూవిజ్ఞాన వారసత్వ స్థలంగా గుర్తించారు. అక్కడి మట్టిని మూట కట్టుకుని రావడం తప్పు.

2. పలక, పేస్టు

బిగించిన కాన్వాసు వేలితో నొక్కితే లోపలికి వంగుతుంది, దానిమీది మందపాటి పొర వంగలేక పగులుతుంది. అందుకే బరువైన పనికి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడండి. ముందు, వెనక, అంచులు అన్నింటికీ రెండు పూతల ప్రైమర్ (రంగు కంటే ముందు వేసే అడుగు పూత) వేయాలి. ఒకవైపే వేస్తే పలక వంకర తిరుగుతుంది.

సాధనకు పేస్టును ఇంట్లోనే కలుపుకోవచ్చు. రెండు పాళ్ల సుద్ద పొడికి ఒక పాలు ఫెవికాల్, కొంచెం తెల్ల అక్రిలిక్ రంగు వేసి కలిపితే గారెల పిండిలా జారకుండా నిలవాలి. అమ్మే బొమ్మకు మాత్రం ఈ పనికోసమే తయారుగా దొరికే అక్రిలిక్ మోడలింగ్ పేస్టే వాడండి. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు తేమకు మెత్తబడుతుంది. కొనేవారికి ఏళ్ల తరబడి నిలవని వస్తువును అంటగట్టడం నాకు సమ్మతం కాదు. ఇసుక కలపాలనుకుంటే ఏటి ఇసుకను జల్లించి, కడిగి, ఆరబెట్టి వాడండి. సముద్రపు ఇసుకలోని ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది.

అడుగు పూత మీద శ్రద్ధ మనకు కొత్తదేమీ కాదు. తెలంగాణలోని చేర్యాలలో గుడ్డ మీద కథల బొమ్మలు వేసే నకాషీ చిత్రకారులు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు, బంక నీళ్లు పట్టించి ఖాదీ గుడ్డను సిద్ధం చేశాకే కుంచె పట్టుకుంటారు.

3. పొరలు, ఆరబెట్టడం

ఒక్కో పొర రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. నెర్రెలే కావాలంటే కింది పొరను గట్టిగా ఆరనిచ్చి, పై పొరలో పొడి వాటా పెంచి జిగురు తగ్గించండి. పగుళ్లు వచ్చాక పలుచటి అక్రిలిక్ మీడియం (రంగు కలపని అక్రిలిక్ ద్రవం) పూసి వాటిని అక్కడే కట్టేయాలి. రంగు చివరి పని. ముదురు రంగును నీళ్లలా కలిపి పల్లాల్లోకి పారనిచ్చి, మిట్టల మీద గుడ్డతో తుడవండి. ఆ తర్వాత దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లేత రంగును మిట్టలకు మాత్రమే తాకించండి.

నా తొలి పెద్ద ఆర్డరు జూలైలో వచ్చింది. పైన గట్టిపడింది కదా అని మూడో రోజే వార్నిష్ వేశాను. రెండు నెలలకు లోపల చిక్కిన తడి తెల్లటి మబ్బులా పైకి తేలింది, ఒక మూల బూజు పట్టింది. డబ్బు తిరిగిచ్చి, కొత్త బొమ్మ వేసిచ్చాను. అప్పటి నుంచి ప్రతి పలకనూ రోజూ తూకం వేస్తాను. తడి పోతున్నన్నాళ్లు బరువు తగ్గుతూనే ఉంటుంది. వరుసగా మూడు రోజులు తూకం మారకపోతేనే వార్నిష్ డబ్బా తెరుస్తాను.

4. ధర

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మొహమాటంతో నోటికొచ్చిన ధర చెప్పి, నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలక పని మానేస్తారు. 24 అంగుళాలకు 36 అంగుళాల పలకను ఉదాహరణగా తీసుకుందాం. సామగ్రికి 2,200 రూపాయలు, నాలుగు రోజుల పనికి రోజుకు 1,200 చొప్పున 4,800, అద్దె, కరెంటు వంటివాటికి 1,000, ఫ్రేము, ప్యాకింగ్‌కు 1,500 అనుకుంటే మొత్తం 9,500. చెడిపోయే పలకల నష్టానికీ మీ లాభానికీ పాతిక శాతం కలిపితే సుమారు 12,000 అవుతుంది. ఆ పలక విస్తీర్ణం 864 చదరపు అంగుళాలు, అంటే చదరపు అంగుళానికి సుమారు 14 రూపాయలు. మీ ఊరి ఖర్చులతో మీ లెక్క మీరే వేసుకోండి. ఒకసారి వచ్చిన రేటును పుస్తకంలో రాసుకుని, ఎవరు అడిగినా అదే చెప్పండి.

గ్యాలరీ 30 శాతం కమిషన్ తీసుకుంటే, మీ చేతికి 12,000 రావడానికి అక్కడి ధర 17,000 దాటాలి. అదే బొమ్మను ఇంటి దగ్గర 12,000కే ఇచ్చేస్తే గ్యాలరీవారు మళ్లీ పిలవరు. కాబట్టి ధర రెండు చోట్లా ఒకటే ఉండాలి.

5. కొనేవారు, కాలాలు

పెద్ద బొమ్మలు ప్రతి నెలా అమ్ముడుపోవు. ఎనిమిది అంగుళాల చిన్న పలకలు, చదరపు అడుగు లెక్కన చేసే గోడ పని, ఆదివారం తరగతులు నెల ఖర్చును మోస్తాయి. ఇళ్ల ఇంటీరియర్ డిజైనర్లను కలిసేటప్పుడు ఫోనులో ఫొటోలు చూపించి ఊరుకోవద్దు. అడుగు కొలత నమూనా పలకలు నాలుగు పట్టుకెళ్లి చేతికివ్వండి. వేళ్లు తడిమితేనే ఈ కళ అర్థమవుతుంది. ఫొటో తీయక తప్పనప్పుడు ఒక్క దీపాన్ని పక్కన, కిందుగా పెట్టి తీయండి.

మన దగ్గర ఆర్డర్లు గృహప్రవేశాల ముహూర్తాలను బట్టి వస్తాయి. శ్రావణంలో ఇంట్లో చేరేవారి బొమ్మను జ్యేష్ఠంలోనే మొదలుపెట్టాలి. ఆషాఢంలో ముహూర్తాలుండవు, వానకు పేస్టూ ఆరదు. ఆ నెలను కొత్త అచ్చులు తీయడానికి, నమూనాలు చేయడానికి ఉంచుకోండి.

6. ఒప్పందం, అప్పగింత

సగం సొమ్ము బయానాగా అందాకే పలక కోయండి. కొలత, గడువు, మార్పులు ఎన్నిసార్లు చేస్తారు అన్నవి కాగితం మీద ఉండాలి. మరో మాట కూడా చేర్చాలి. మీ అంతట మీరు వేసి అమ్మిన బొమ్మపై కాపీరైటు మీ దగ్గరే ఉంటుంది. కానీ 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, డబ్బిచ్చి ఎవరైనా వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే తొలి హక్కుదారు. హక్కు మీ దగ్గరే ఉండాలనుకుంటే ఆ ఒక్క వాక్యం ముందే రాయించుకోండి.

ప్యాకింగ్‌లో బుడగల కవరు బొమ్మ ముఖానికి తగలకూడదు, ఎండకు అక్రిలిక్ మెత్తబడి అతుక్కుంటుంది. నాలుగు మూలలా థర్మకోల్ దిమ్మెలు పెట్టి, పైన అట్ట కప్పండి. 24 అంగుళాలకు 36 అంగుళాల పలక ఏడు కిలోల దాకా తూగుతుంది, గోడకు రెండు స్క్రూలు బిగించాలి. తడిగుడ్డతో తుడవవద్దని, మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపమని వెనక చీటీ అంటించండి. తగిలించేటప్పుడు మీరూ వెళ్లండి. చెమ్మ దిగే గోడనూ, ఎదురుగా లైటు పడే గోడనూ వదిలేసి, పక్కనున్న కిటికీ నుంచి వెలుతురు ఏటవాలుగా పడే చోటు చూపించండి.